మంత్రి జవాబుకు అచ్చు సభ్యుని ప్రశ్నే

2020 సెప్టెంబరు 14వ తేదీన లోక్‌సభలో కేంద్ర కార్మిక శాఖకు ఒక ప్రశ్న వచ్చినది. కరోనా లాక్‌డౌన్ కాలంలో స్వస్థలాలకు తిరిగి వస్తూ ఎందరు వలస కూలీలు మరణించారు, వారి కుటుంబాలకు నష్టపరిహారం ఏమైనా చెల్లించారా అన్నది దాని సారాంశం. లిఖితపూర్వకంగా వచ్చిన జవాబు క్లుప్తమైనది. అటువంటి సమాచారాన్ని తాము నిర్వహించడం లేదు, కావున పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదు అని. అదే వారంలో రాజ్యసభలో మరొక సభ్యుడు రైల్వే శాఖను ఇంకొక విధంగా అడిగారు. శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో ప్రయాణిస్తూ ఎందరు మరణించారు? సెప్టెంబరు 9వ తేదీ వరకు 97 మంది అని జవాబు వచ్చినది.

ప్రభుత్వం ఒక్కటే, వారం ఒక్కటే, విషయమూ ఇంచుమించు ఒక్కటే. ఒక చోట లెక్క లేదు, మరొక చోట లెక్క ఉన్నది. రోడ్ల వెంట నడుస్తూ ప్రాణాలు విడిచినవారు ఆ 97 మందిలో లేరు. అయినప్పటికీ అది ప్రభుత్వం స్వయంగా రాసి సభ ముందుంచిన అంకె. దానిని తరువాత కాదనడానికి వీలు లేదు. కొరాపుట్, రాయగడ, శ్రీకాకుళం, పాలమూరు జిల్లాల నుంచి ఏటా వేల కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పనుల కోసం పరరాష్ట్రాలకు పోతున్నవి. ఆ కుటుంబాలకు ఈ తేడా చిన్నది కాదు. పరిహారం కోరి ఏ కార్యాలయం మెట్లెక్కినా మొదట అడిగేది ‘ఆధారం ఏది?’ అనే కదా.

మంత్రులను చట్టసభల సభ్యులు ప్రశ్నించే పద్ధతిని గురించి మన పత్రికల్లో వచ్చేది చాలావరకు సభలోని కేకలు, వాకౌట్లు, కాగితాలు చించి విసరడాల కథనమే. టీవీలో కనబడేదీ అదే. అసలు పని జరిగేది మాత్రం ఆ కేకలకు పూర్వమే, ప్రశ్నను రాసే బల్ల దగ్గర. మంత్రి ఎంతవరకు చెప్పక తప్పదు, ఎక్కడ తప్పించుకోగలడు అనే సంగతి చాలావరకు అక్కడే తేలిపోతుంది.

రాజ్యాంగంలోని 75వ అధికరణం ప్రకారం కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలి. రాష్ట్ర మంత్రిమండలి శాసనసభకు బాధ్యత వహించాలని 164వ అధికరణం చెప్పుచున్నది. ఆ బాధ్యతను నిత్యమూ నెరవేర్చే సాధనమే ప్రశ్నోత్తరాల సమయం. లోక్‌సభలో ఉదయం 11 గంటలకు, 2014 నవంబరు నుంచి రాజ్యసభలో మధ్యాహ్నం 12 గంటలకు ఇది మొదలగుచున్నది. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి చెప్పాలి. గుర్తు లేని ప్రశ్నకు కాగితం మీద జవాబిస్తే చాలును. లోక్‌సభలో రోజుకు మొదటి రకం 20, రెండవ రకం 230 వరకు స్వీకరిస్తారు. ఏ సభ్యుని ప్రశ్న ముందు రావాలన్నది చీటీలు తీసి నిర్ణయిస్తారు. మంత్రిత్వ శాఖలకు వారంలో ఒక్కొక్క రోజు కేటాయించి ఉంటుంది. ఇరవై ప్రశ్నల్లో గంట ముగిసేలోగా మౌఖికంగా తెమిలేవి సాధారణంగా ఐదారే. మిగిలినవాటికి కాగితమే గతి.

మౌఖిక ప్రశ్నలో ఉన్న విశేషం అనుబంధ ప్రశ్న. జవాబు చదివిన తరువాత అడిగిన సభ్యుడు మరి రెండు ప్రశ్నలు వేయవచ్చును. స్పీకరు అనుమతిస్తే ఇతరులు కూడా అందుకోవచ్చును. మొదటి జవాబును అధికారులు పది రోజులు కూర్చుని తయారు చేసి ఇస్తారు. అనుబంధ ప్రశ్నకు మాత్రం మంత్రి తన తలలో ఉన్నదే చెప్పాలి. శాఖ మీద ఆయనకు ఎంత పట్టున్నదో ఆ రెండు నిమిషాల్లో సభకంతటికీ తెలిసిపోతుంది. లిఖిత ప్రశ్నలో ఈ సౌకర్యం లేదు. కావుననే దానిని రాసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

ఇరవై ఏళ్లుగా ప్రశ్నపత్రాలు తయారు చేస్తున్న ఉపాధ్యాయునిగా ఒక మాట చెప్పవచ్చును. ‘నీటి ప్రాముఖ్యమును గూర్చి రాయుము’ అని అడిగితే చదవని పిల్లవాడు కూడా ఒక పేజీ నింపుతాడు. ‘మీ ఊరి చెరువు కింద ఎన్ని ఎకరాలు సాగగుచున్నవి?’ అంటే తెలిసినవాడే రాయగలడు. ‘రైతుల సంక్షేమానికి ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?’ అనే ప్రశ్నలు పార్లమెంటులో కోకొల్లలు. వాటికి వచ్చే జవాబులు పథకాల పేర్ల పట్టికలు. అవి చదివి ఎవరికీ ఒరిగేది లేదు.

ప్రశ్న ఎలా ఉండకూడదో లోక్‌సభ నియమావళిలోని 41వ నియమం వివరంగా చెప్పినది. 150 పదాలు మించరాదు. వాదన, వ్యంగ్యం, నిందారోపణ ఉండరాదు. అభిప్రాయం అడగరాదు. ఊహాజనితమైనది కారాదు. న్యాయస్థానం విచారణలో ఉన్న విషయం అడగరాదు. స్వభావరీత్యా రహస్యమైన సమాచారం కోరరాదు. మిత్రదేశాన్ని అగౌరవపరచే మాట రాకూడదు. ముఖ్యంగా, భారత ప్రభుత్వానికి ప్రధానంగా సంబంధించని విషయమై ఉండకూడదు. ఇవన్నీ సభామర్యాద కోసం పెట్టినవే. అయితే ఇంట్లోకి గాలి రావడానికి పెట్టిన కిటికీలు మంత్రులు బయటకు దూకడానికి కూడా పనికివస్తున్నవి. ఆఖరి నిబంధనతో మన సరిహద్దు గ్రామాలకు ఎంత సంబంధమున్నదో కొంత ముందుకు పోయి చూద్దాము.

ప్రశ్న ఒకటి మంత్రి పదవిని కదిలించిన సందర్భానికి పాత ఉదాహరణ ముంద్రా వ్యవహారం. జీవిత బీమా సంస్థ 1956లో ఏర్పడినది. మరుసటి ఏడాదే అది హరిదాస్ ముంద్రా అనే కలకత్తా వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలకు కొన్నది. అవి అప్పటికే దెబ్బతిని ఉన్న కంపెనీలు. పాలసీదారుల సొమ్ము అలా ఎందుకు పెట్టారు? 1957 సెప్టెంబరులో రామ్ సుభగ్ సింగ్ అనే సభ్యుడు ప్రశ్న వేశారు. మొదటి జవాబుతో విషయం తేలలేదు. నవంబరులో మళ్ళీ ప్రశ్న వచ్చినది. డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లెక్కలు, తేదీలు చేతబట్టుకుని సభలో మాట్లాడారు. ఆయన అధికార పక్ష సభ్యుడు, పైగా ప్రధానమంత్రికి అల్లుడు. రామ్ సుభగ్ సింగ్ గారిది కూడా కాంగ్రెస్ పార్టీయే. ప్రభుత్వం జస్టిస్ ఎం.సి. చాగ్లాతో ఏకసభ్య కమిషన్ వేసినది. విచారణ బహిరంగంగా జరిగినది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఈ ఉదంతంలో గమనార్హమైనది కోపం కాదు, ఓపిక. సెప్టెంబరు ప్రశ్న, నవంబరు ప్రశ్న, డిసెంబరు ప్రసంగం. ఒకటి తలుపు తట్టినది, ఒకటి గడియ కదిపినది, మూడవది తలుపు తెరిచినది. స్వపక్షపు మంత్రిని ఇంత పట్టుదలగా నిలదీసే సభ్యులు ఇప్పుడు ఏ పార్టీలోనైనా ఎందరున్నారో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

విదేశాంగ విషయాల్లో మంత్రిని పట్టుకోవడం ఇంకా కష్టం. ఇతర దేశాలతో ఒప్పందాలు చేసుకోవడానికి మన ప్రభుత్వానికి పార్లమెంటు ముందస్తు అనుమతి అక్కరలేదు. ఒప్పందం అమలుకు కొత్త చట్టం కావలసి వస్తేనో, దేశ భూభాగాన్ని వదులుకోవలసి వస్తేనో తప్ప విషయం సభకు ఓటు కోసం రాదు. 1960లో బెరుబారి వ్యవహారంలో సుప్రీంకోర్టు ఇచ్చిన అభిప్రాయం ప్రకారం భూభాగం అప్పగించాలంటే రాజ్యాంగ సవరణ కావాలి. అందువల్లనే బంగ్లాదేశ్‌తో గ్రామాల మార్పిడికి 2015లో 100వ సవరణ చేశారు. ఆ ఏడాది జులై 31 అర్ధరాత్రి మన పరిధిలోని 111 ఖండాలు అటు, వారి 51 ఖండాలు ఇటు కలిసినవి. 1974లో కచ్చతీవు ద్వీపం శ్రీలంకకు పోయినప్పుడు మాత్రం సవరణ జరగలేదు. అది అప్పగింత కాదు, వివాదంలో ఉన్న హద్దును తేల్చుకోవడమే అని కేంద్రం వాదన. ఆ ఏడాది జులైలో మంత్రి సభలో ప్రకటన చేశారు, సభ్యులు నిరసించారు, ఒప్పందం మాత్రం అలాగే నిలిచినది. కావున విదేశాంగ విధానంలో సభ్యుని చేతిలో ఓటు కంటే ప్రశ్నే ఎక్కువగా ఉంటుంది.

ఆ ప్రశ్న ఫలించిన రోజులూ ఉన్నవి. చైనా సరిహద్దును గురించి సభ్యులు విడవకుండా అడిగిన మీదట, అక్సాయ్‌చిన్ మీదుగా చైనా రహదారి వేసిన సంగతిని 1959 ఆగస్టులో నెహ్రూ పార్లమెంటుకు తెలిపారు. ఆ రహదారి 1957 నాటికే పూర్తయినది. సెప్టెంబరులో రెండు దేశాల మధ్య నడిచిన ఉత్తరాలను శ్వేతపత్రంగా ప్రచురించారు. 1962లో యుద్ధం జరుగుచుండగానే సభను సమావేశపరచాలని అటల్ బిహారీ వాజ్‌పేయి తదితరులు కోరారు. నవంబరు 8న సభ సమావేశమై వారం పాటు చర్చించినది. అయితే ఆ సమావేశాల్లోనే కొంతకాలం ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేశారు. తరువాత అత్యవసర పరిస్థితి కాలంలోనూ, 2020 సెప్టెంబరు కరోనా సమావేశాల్లోనూ ఇదే జరిగినది. 2020లో లిఖిత జవాబులు మాత్రం కొనసాగినవి. మొదట చెప్పిన రెండు ప్రశ్నలు ఆ సమావేశాల్లోనివే. మంత్రిని నిలబెట్టి ‘లెక్క ఎందుకు లేదు?’ అని అనుబంధ ప్రశ్న వేసే అవకాశం ఎవరికీ లేకపోయినది.

ఆ సమావేశాల్లోనే ఇంకొక విషయం జరిగినది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది అమరులయ్యారు. వారిలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు ఒకరు. సెప్టెంబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ లోక్‌సభలో ప్రకటన చేస్తూ, చైనా వాస్తవాధీన రేఖ వెంబడి పెద్ద ఎత్తున సైన్యాన్ని, ఆయుధాలను మోహరించినదని చెప్పారు. ఆ ప్రకటన మీద తమను మాట్లాడనివ్వలేదని కాంగ్రెస్ సభ్యులు బయటకు వెళ్లిపోయారు. మరునాడు రాజ్యసభలో హోం శాఖ ఒక లిఖిత జవాబిచ్చినది. గడచిన ఆరు నెలల్లో చైనా సరిహద్దులో చొరబాటు ఏదీ నమోదు కాలేదని దాని సారం. ముందురోజు విన్నవారు నివ్వెరపోయారు. ప్రభుత్వ వ్యవహారాల్లో ‘చొరబాటు’ అన్న మాటను సాధారణంగా ఉగ్రవాదులు హద్దు దాటి రావడానికి వాడుతారు. సైన్యం రేఖను అతిక్రమించడానికి మరొక మాట ఉన్నది. ప్రశ్నలో ఏ మాట ఉన్నదో జవాబు ఆ మాటకే వచ్చినది. ఇది సత్యమా అసత్యమా అని వాదించుకునే ముందు ప్రశ్నలోని ఆ ఒక్క మాట వంక చూడాలి.

శాఖ ఎంపిక కూడా ఇటువంటిదే. 2021లో పెగాసస్ నిఘా పరికరం గురించి పార్లమెంటు అట్టుడికిపోయినది. వర్షాకాల సమావేశాలు దాదాపు పూర్తిగా దానికే బలి అయినవి. ఆగస్టు 9న రక్షణ శాఖ ఒక లిఖిత జవాబులో, ఎన్.ఎస్.ఓ. సంస్థతో తమ మంత్రిత్వ శాఖకు ఎటువంటి లావాదేవీ లేదని తెలిపినది. కొన్ని పత్రికలు ‘ప్రభుత్వం ఖండించినది’ అని శీర్షిక పెట్టినవి. నిజానికి ఖండించినది ఒక్క శాఖ. హోం శాఖ గురించి గానీ, ఇతర నిఘా సంస్థల గురించి గానీ ఆ జవాబులో ఏమీ లేదు. అడిగినది ఆ శాఖనే కాబట్టి ఆ శాఖ తన వరకే చెప్పినది. ఉమ్మడి ఇంట్లో పెద్దకోడలు ‘నేను తీయలేదు’ అంటే డబ్బు పోలేదని అర్థమా?

ఇక మన సంగతి. సరిహద్దు గ్రామాల వారి కష్టాలు ఒక రాష్ట్రంలో మొదలై మరొక రాష్ట్రంలో ముగుస్తాయి. ప్రశ్నించే వ్యవస్థ మాత్రం రాష్ట్రాల వారీగా గోడలు కట్టుకుని ఉన్నది. గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా రైతులనే చూడండి. గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ తెలంగాణ ప్రభుత్వానిది. దాని వెనుక నీటితో తమ పొలాలు మునుగుచున్నవని ఆ రైతులు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. తెలంగాణ నీటిపారుదల మంత్రి వారి సభ్యునికి జవాబుదారీ కాడు. మహారాష్ట్ర మంత్రి ‘అది పొరుగు రాష్ట్రపు ప్రాజెక్టు’ అనగలడు. ఢిల్లీలో అడిగితే ‘నీరు రాష్ట్రాల జాబితాలోని విషయం’ అన్న వాక్యం సిద్ధంగా ఉంటుంది. మూడు వాకిళ్లలోనూ తలుపు మూసే ఉన్నది, ఒక్కరూ అబద్ధం చెప్పలేదు.

కొటియా గ్రామాల కథ ఇంకా పాతది. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు, ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరు మండలం మధ్య కొండల్లో ఉన్న 28 గ్రామాల్లో 21 గ్రామాలు ఎవరివన్నది వివాదం. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లినది. యథాతథ స్థితిని పాటించమని ఆదేశాలున్నవి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడి మూడు గ్రామాల్లో పంచాయతీ ఎన్నికలు జరిపితే, ఒడిశా కోర్టు ధిక్కరణ కింద మళ్ళీ సుప్రీంకోర్టు తలుపు తట్టినది. ఆ కొండల మీది ఆదివాసులకు రెండు ప్రభుత్వాల రేషన్ కార్డులు, రెండు ఓట్లు ఉన్నవని పత్రికలు పలుమార్లు రాసినవి. రెండు ఓట్లున్న మనిషికి ఇద్దరు శాసనసభ్యులు ఉండాలి. ఒక ప్రశ్న వేయడానికి ఒక్కరైనా దొరకడం లేదన్నదే వారి బాధ.

ఇటువంటి వివాదాల మీద పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడల్లా హోం శాఖ ఇంచుమించు ఒకే జవాబిస్తున్నది. అంతర్రాష్ట్ర సరిహద్దు వివాదాలు ఆయా రాష్ట్రాల సహకారంతోనే పరిష్కారమవుతాయి, పరస్పర అవగాహన కోసం కేంద్రం అనుసంధానకర్తగా మాత్రమే వ్యవహరిస్తుంది అని. మాట మెత్తగా ఉన్నది. కానీ రాజ్యాంగంలోని 3వ అధికరణం రాష్ట్రాల హద్దులను మార్చే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చినది, ఇరుగుపొరుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులకు కాదు. ‘వివాదం ఎప్పుడు పరిష్కారమవుతుంది?’ అని అడిగితే పై జవాబు వస్తుంది. ‘గడచిన ఐదేళ్లలో ఈ విషయమై ఇరు రాష్ట్రాల అధికారులతో కేంద్రం ఎన్ని సమావేశాలు జరిపినది, ఏ తేదీల్లో?’ అని అడిగితే తేదీలు చెప్పాలి, లేదా సున్నా అని చెప్పాలి. అనుసంధానకర్త ఎంత అనుసంధానం చేశారో అప్పుడు తెలుస్తుంది. కోర్టులో ఉన్న వివాదపు గుణదోషాలు ఇందులో లేవు కాబట్టి 41వ నియమం పేరుతో ప్రశ్నను తోసిపుచ్చడం కూడా కష్టమే.

మన బడుల విషయంలో ఈ నేర్పు మరింత అవసరం. హోసూరు, డెంకణికోట ప్రాంతాల్లోనూ, బళ్లారి, కోలారులలోనూ, బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లోనూ తెలుగు మాధ్యమం బడులు ఒకటొకటిగా ఏమగుచున్నవో ఈ పత్రిక పాఠకులకు తెలుసు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక మెట్టు ఎక్కుతూ 2015-16లో పదో తరగతిని చేరినది. తెలుగు, కన్నడం, ఉర్దూ మాతృభాషగా గల పిల్లల తల్లిదండ్రులు మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చినది. రాష్ట్రభాష నేర్వవద్దని మనలో ఎవరూ అనరు. రెండు భాషల్లో పాఠం చెప్పే నేను అసలే అనను. ఇంటి భాష బడిలో మిగలాలన్నదే మన కోరిక.

‘హోసూరులో తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలు ఎప్పుడు నింపుతారు?’ అని పార్లమెంటులో అడిగితే విద్యాశాఖ చెప్పేది ముందే తెలుసు. విద్య ఉమ్మడి జాబితాలోనిది, బడులు చాలావరకు రాష్ట్ర ప్రభుత్వాల పరిధిలోనివి అని. ఆ ప్రశ్న చెన్నైలోని శాసనసభలో వేయవలసినది. ఢిల్లీలో వేయవలసిన ప్రశ్న వేరే ఉన్నది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించాలని 350ఎ అధికరణం చెప్పుచున్నది. అందుకు అవసరమైన ఆదేశాలను రాష్ట్రాలకు ఇచ్చే అధికారం రాష్ట్రపతికి, అనగా ఆచరణలో కేంద్ర ప్రభుత్వానికి, అదే అధికరణంలో ఉన్నది. 350బి ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు ఒకరుండాలి. ఆయన నివేదికలను పార్లమెంటు ఉభయ సభల ముందుంచాలి. ఈ రెండూ రాష్ట్రాల పనులు కావు. ‘మాకు ప్రధానంగా సంబంధించని విషయం’ అని కేంద్రం వీటి నుంచి తప్పుకొనజాలదు. ఒక తరగతిలో పది మంది గానీ, బడిలో నలభై మంది గానీ ఉంటే మాతృభాషా బోధకుని ఇవ్వాలన్న కొలమానం 1949 నాటి రాష్ట్ర విద్యామంత్రుల సమావేశం నుంచి వస్తున్నది. దాని అమలును కమిషనరు ఏ జిల్లాలో ఎప్పుడు పరిశీలించారని అడగడానికి ఏ నియమమూ అడ్డు కాదు.

యానాం వారి స్థితి కొంత భిన్నం. ముప్పై నియోజకవర్గాల పుదుచ్చేరి శాసనసభలో వారికున్నది ఒక్క స్థానం. లోక్‌సభకు కేంద్రపాలిత ప్రాంతం మొత్తానికి ఒక్కరే. తెలుగు మాట్లాడే ఓటరు తమిళం మాట్లాడే సభ్యునికి వందల కిలోమీటర్ల దూరం నుంచి విన్నవించుకోవాలి. అయితే కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి కేంద్ర హోం శాఖను ప్రశ్నించడానికి ఇతర రాష్ట్రాల కంటే వారికి ఎక్కువ ఆస్కారం ఉన్నది. దీనిని వాడుకున్నది తక్కువ.

సముద్రం మీది హద్దు కూడా మనకు పరాయిది కాదు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇరవై మంది తిరిగి వచ్చారు. ఉభయ దేశాలు 2008 ఒప్పందం మేరకు ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల, మత్స్యకారుల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. అందుచేత విదేశాంగ శాఖను ‘ఏం చర్యలు తీసుకుంటున్నారు?’ అని అడగడం వృథా. ఫలానా తేదీ జాబితాలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా వారు ఎందరు, వారిని మన దౌత్య అధికారులు ఎప్పుడు కలిశారు అని అడగాలి. గల్ఫ్ దేశాల జైళ్లలోని వారి గురించి కూడా ఇంతే.

జవాబు వచ్చిన తరువాత కథ ముగియదు. ‘సమాచారం సేకరిస్తున్నాము, సభ ముందుంచుతాము’, ‘విషయం పరిశీలనలో ఉన్నది’ అని మంత్రి అంటే మనం పెదవి విరుస్తాము. సభా విధానంలో అటువంటి మాటకు ‘హామీ’ అని పేరు. లోక్‌సభలో 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి ప్రభుత్వ హామీల కమిటీలున్నవి. మూడు నెలల్లో హామీ నెరవేర్చాలి, లేదా గడువు పొడిగించమని శాఖ కారణం చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి సాగిన హామీలు లేకపోలేదు. అయినా ‘పరిశీలనలో ఉన్నది’ అన్న జవాబు ‘ఉత్పన్నం కాదు’ అన్న జవాబు కంటే మేలు. దానికి వెంటబడే నాథుడు ఒకడున్నాడు.

సభలు కూర్చునే రోజులు తగ్గిపోవడం వేరే రోగం. మొదటి లోక్‌సభ ఏడాదికి సగటున 135 రోజులు కూర్చున్నది. 2019-24 నాటి పదిహేడవ లోక్‌సభ సగటు 55 రోజులు. 2023 డిసెంబరులో లోక్‌సభ భద్రతా వైఫల్యంపై హోం మంత్రి ప్రకటన కోరి ఆందోళన చేసిన సందర్భంలో ఉభయ సభల నుంచి 146 మంది సస్పెండ్ అయినప్పుడు, వారి పేరిట ఉన్న ప్రశ్నలు కూడా జాబితా నుంచి పోయినవి. నినాదాలిచ్చినందుకు శిక్ష సభ్యునికి పడితే పడవచ్చును. ఆ ప్రశ్న వెనుక ఉన్న జిల్లా ఏం చేసినది?

సభ్యుల వైపు మచ్చ లేదని కాదు. 2005 డిసెంబరులో ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకుంటూ రహస్య కెమెరాకు దొరికిన 11 మందిని, పది మందిని లోక్‌సభ, ఒకరిని రాజ్యసభ, బహిష్కరించినవి. అందులో ఒకే పార్టీ వారు లేరు, చాలా పార్టీల వారున్నారు. 2023 డిసెంబరులో మహువా మొయిత్రాను ప్రశ్నలు దాఖలు చేసే తన పాస్‌వర్డును వ్యాపారవేత్తకు ఇచ్చారన్న అభియోగం మీద బహిష్కరించారు. డబ్బు తీసుకున్నానన్న ఆరోపణను ఆమె ఖండించారు, 2024లో మళ్ళీ గెలిచి వచ్చారు. ప్రశ్నకు వెల కట్టే వ్యాపారులున్నారంటే అది ఎంత విలువైనదో వారికి తెలుసునన్నమాట. ఉచితంగా అడిగించుకునే హక్కున్న మనకే తెలియలేదు.

సర్పంచులు, బడి కమిటీల పెద్దలు తమ లోక్‌సభ సభ్యునికి వినతిపత్రం ఇచ్చేటప్పుడు దండతో పాటు ఒక కాగితం కూడా ఇవ్వవచ్చును. అందులో విన్నపం కాక ప్రశ్నే రాసి ఉండాలి. అల్పసంఖ్యాక వ్యవహారాల మంత్రిత్వ శాఖకు పంపదగినది ఈ విధంగా ఉండవచ్చును:

(అ) భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు నివేదికల్లో చివరిగా పార్లమెంటు ముందుంచినది ఏ సంవత్సరానికి సంబంధించినది, దానిని ఏ తేదీన ఉంచారు;

(ఆ) తరువాతి నివేదికలు ఉంచకపోయి ఉన్నట్లయితే అందుకు కారణాలేమి;

(ఇ) 350ఎ అధికరణం కింద ఏ రాష్ట్రానికైనా రాష్ట్రపతి ఆదేశాలు జారీ అయినవా, అయిన పక్షంలో రాష్ట్రాల వారీ వివరాలేమి?

మూడు భాగాలూ కలిపి 150 పదాల్లో మూడో వంతు కూడా లేవు. ఎక్కడా నింద లేదు, అభిప్రాయం అడగలేదు. జవాబు తేదీకి కనీసం 15 రోజుల ముందు నోటీసు చేరాలి. చీటీల్లో పేరు రాకపోతే ఇంకొక వారం మళ్ళీ వేయవలసి ఉంటుంది. బడ్జెట్ సమావేశాలు సాధారణంగా జనవరి చివర, వర్షాకాల సమావేశాలు జులైలో, శీతాకాల సమావేశాలు నవంబరు, డిసెంబరు మధ్య మొదలగుచున్నవి. కనుక కాగితం వాటికి నెల ముందే సభ్యుని చేతిలో పడాలి. జవాబులన్నీ ప్రశ్న సంఖ్య, తేదీలతో ఉభయ సభల వెబ్‌సైట్లలో ఉంటాయి. మీ ఊరి ప్రశ్నకు జవాబు వచ్చిన పక్షంలో ఆ సంఖ్య, తేదీ రాసి ఈ పత్రికకు పంపండి.